ఎవరు సర్దమన్నారు?

పోయినేడు మా పిన్ని కూతురి పురిటికి సాయం వెళ్ళి, పదిహేను రోజులు రాజమండ్రిలో ఉండి ఇంటికొచ్చాను. రైలు బడలిక. కాళ్ళు కడుక్కుని, ముందు ఒక గ్లాసు కాఫీ కలుపుకుందామని వంటింట్లోకి వెళ్ళి, అలవాటు చొప్పున కుడిచెయ్యి పైకెత్తాను. పంచదార డబ్బా ఉండవలసిన చోట చేతికి ఆవాల సీసా తగిలింది. పక్కన తడిమితే మెంతులు. కిందికి చూద్దును కదా, ఇరవయ్యేళ్ళుగా స్టవ్వు పక్కనే ఉండే పోపుల పెట్టె అక్కడ లేదు!

"ఎలా ఉందమ్మా?" అంది వెనకనించి మా అమ్మాయి.

సెలవులకి హాస్టలు నించి వచ్చిన పిల్ల, అమ్మ ఊళ్ళో లేని సమయం చూసి వంటిల్లంతా సర్దేసింది. రకరకాల పాత డబ్బాలు పోయి, అన్నీ ఒకే ఎత్తు గాజు సీసాలొచ్చాయి. ప్రతి సీసా మీదా అందమైన అక్షరాలతో చీటీ. ఏ పత్రికలోనైనా ఫోటో వేసుకోవచ్చు, అంత చక్కగా ఉంది. నిజం చెప్పొద్దూ, నాకు మాత్రం ఏడుపొచ్చింది. చుట్టపుచూపుగా ఎవరింటికో వెళ్ళి, "పంచదార ఎక్కడుందండీ?" అని అడగవలసిన స్థితిలో పడ్డట్టయింది.

"బాగుంది గానీ, ఎవరు సర్దమన్నారే నిన్ను?" అన్నాను.

అది చిన్నబుచ్చుకోలేదు సరికదా, పకపకా నవ్వింది. "అమ్మా, 2006లో అమెరికాలో స్టూడెంట్లంతా ఫేస్‌బుక్ వాళ్ళని అచ్చం ఇదే అడిగారు, తెలుసా? మాకు క్లాసులో చెప్పారు" అంది.

కాఫీ అదే కలిపిచ్చింది. పంచదార ఎక్కడుందో దానికే తెలుసు మరి! తాగుతూ విన్నాను. ఆ తర్వాత నేనే వెతుక్కుని చదివాను. నేను బి.ఏ.లో చరిత్ర చదువుకున్నదాన్ని. మన చరిత్ర పుస్తకాల్లో రాజుగారు కొత్త నాణెం వేశాడనీ, కొత్త పన్ను పెట్టాడనీ ఉంటుంది గానీ, ఆ పూట సంతలో కూరలమ్మే మనిషి ఏమని గొణిగిందో ఉండదు. ఈ కథలో ఆ కొరత లేదు. గొణిగిన ప్రతివాళ్ళూ రాతపూర్వకంగానే గొణిగారు.

ఆ రోజుల్లో ఫేస్‌బుక్ అంటే మన అత్తయ్యలూ బాబాయిలూ చేరిన ఫేస్‌బుక్ కాదు. 2004 ఫిబ్రవరిలో మార్క్ జుకర్‌బర్గ్ అనే కుర్రాడు హార్వర్డ్ విశ్వవిద్యాలయం హాస్టలు గదిలో మొదలుపెట్టింది, రెండున్నరేళ్ళలో కాలేజీ నించి కాలేజీకి పాకి, కోటికి కాస్త తక్కువమంది సభ్యుల్ని సంపాదించుకుంది. అందులో ఎక్కువమంది విద్యార్థులే. ఒక్కొక్కరికీ ఒక్కొక్క పేజీ. అందులో తన ఫోటో, తన ఇష్టాయిష్టాలు, ఎవరితోనైనా ప్రేమలో ఉంటే ఆ ముక్కా రాసుకునేవారు. స్నేహితురాలి కబురు తెలియాలంటే పనిగట్టుకుని ఆ పిల్ల పేజీకి వెళ్ళి చూడాలి. సాయంత్రం పూట పక్కింటి అరుగు మీదకి వెళ్ళి కూచున్నట్టన్నమాట. వెళ్తే తెలుస్తుంది, వెళ్ళకపోతే లేదు.

2006 సెప్టెంబరు 5న ఈ పద్ధతి మారిపోయింది. ఎవరూ ఎవరి పేజీకీ వెళ్ళనక్కర్లేదు. తెరవగానే మొదటి పేజీలోనే, స్నేహితులు చేసిన పనులన్నీ వరసగా కనిపిస్తాయి. ఫలానా అమ్మాయి కొత్త ఫోటో పెట్టింది, ఫలానా అబ్బాయి ఫలానా సంఘంలో చేరాడు, ఫలానా ఇద్దరూ ఇప్పుడు విడిపోయారు. ఆ చివరిదాని పక్కన పగిలిన గుండె బొమ్మ కూడానూ! దీనికి న్యూస్ ఫీడ్ అని పేరు పెట్టారు. ఇవాళ ఫోన్ చేతిలో ఉన్న ప్రతి ఇల్లాలికీ అలవాటైపోయిన వ్యవహారమే ఇది. వేలితో పైకి తోస్తూ పోతూ ఉంటాం చూడండి, దానికి అంకురార్పణ ఆ రోజున జరిగింది.

ఈ మార్పు గురించి కంపెనీ తరఫున ప్రకటన రాసి సంతకం పెట్టింది ఎవరనుకున్నారు? మన పూనా అమ్మాయి, రుచి సంఘ్వీ. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ఇంజనీరింగు చదివి, 2005లో ఆ కంపెనీలో చేరిన మొట్టమొదటి ఆడ ఇంజనీరు. అప్పటికి ఆమెకి ఇరవై నాలుగేళ్ళు. నెలల తరబడి రాత్రనక పగలనక పనిచేసి, మా అమ్మాయి సీసాలు సర్ది నా ముందు నిలబడ్డట్టే, జనం మెచ్చుకుంటారని ఎదురుచూసి ఉంటుంది పాపం.

జనం మెచ్చుకోలేదు. మండిపడ్డారు. "ఇది మాకొద్దు, మా పాతది మాకిచ్చెయ్యండి" అని వేలకొద్దీ ఉత్తరాలు. నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో చదివే ఒక కుర్రాడు ఫేస్‌బుక్‌లోనే ఒక వ్యతిరేక సంఘం పెడితే, కొద్దిరోజుల్లో అందులో 7 లక్షల పైచిలుకు మంది చేరారు. పాలో ఆల్టోలో ఉన్న వాళ్ళ ఆఫీసు ముందు టీవీల వాళ్ళు కాపు వేశారు. సంతకం పెట్టిన పాపానికి రుచి పేరుమీదే ఒక సంఘం వెలిసింది. ఆ పిల్ల దయ్యమట! ఆ సంగతి తరవాతి కాలంలో ఆవిడే నవ్వుతూ చెప్పుకున్నారు. చేసింది కంపెనీ అంతా కలిసి, తిట్లు మాత్రం పేరు కనబడ్డ ఆడపిల్లకి. సరేలెండి, ఈ తంతు మనకి కొత్తా?

యజమాని కుర్రాడు మొదటిరోజు ఇచ్చిన జవాబు చూస్తే నాకు నవ్వొచ్చింది. కాస్త శాంతించండి, ఊపిరి పీల్చుకోండి, మీరు చెప్పేది వింటున్నాం అన్నాడు. కోపంలో ఉన్న మనిషిని శాంతించమంటే ఏమవుతుందో పెళ్ళయిన ఏ మగవాణ్ణి అడిగినా చెప్పేవాడు. అతనికి అప్పటికింకా పెళ్ళి కాలేదు. కోపం రెట్టింపయింది. మూడోనాటికి, అంటే సెప్టెంబరు 8న, ఇంకో ఉత్తరం రాశాడు. ఈసారి వాదన లేదు. తప్పు చేశామని ఒప్పుకున్నాడు. రెండురోజులు ఇంజనీర్లు నిద్ర మానుకుని, ఎవరి సంగతులు ఏవి వరసలోకి రావాలో, ఏవి రాకూడదో ఎవరికి వాళ్ళే నిర్ణయించుకునే వీలు కల్పించారు. న్యూస్ ఫీడ్‌ని మాత్రం తియ్యలేదు.

ఎందుకు తియ్యలేదంటే, లోపల లెక్కలు చూసుకుంటే ఇంకో కథ కనిపించిందట. తిట్టేవాళ్ళు తిడుతూనే ఉన్నారు గానీ, వచ్చి చూడడం తగ్గలేదు, పైపెచ్చు పెరిగింది. ఇంకా తమాషా ఏమిటంటే, ఆ వ్యతిరేక సంఘం అంత వేగంగా ఎలా పెరిగిందీ? "మీ స్నేహితురాలు ఫలానా సంఘంలో చేరింది" అని అందరికీ చాటింది సాక్షాత్తూ ఆ న్యూస్ ఫీడే! అది లేకపోతే ఆ సంఘం సంగతి సగం మందికి తెలిసేదే కాదు.

ఈ ముక్క దగ్గరికొచ్చేసరికి మా అమ్మాయి మొహం వెలిగిపోయింది. "చూశావామ్మా, జనం అలాగే అంటారు. నాలుగురోజులైతే అలవాటైపోతుంది. వాళ్ళకేం కావాలో వాళ్ళకే తెలీదు" అంది.

అక్కడే నాకు దానితో పేచీ వచ్చింది.

అలవాటు సంగతి కాదనను. మా అమ్మమ్మ చెప్పేది, 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చినప్పుడు ఊరంతా ఇలాగే గగ్గోలెత్తిందని. అంతవరకూ రూపాయికి పదహారణాలు, అణాకి నాలుగు పైసలు. ఒక్కసారిగా రూపాయికి వంద నయాపైసలన్నారు. పదులూ వందలూ లెక్కపెట్టడం తేలికే కదా, ఎందుకు గొడవ అని పట్నం వాళ్ళ ఉద్దేశం. అమ్మమ్మ చదివింది మూడో క్లాసు. కానీ ఆవిడ అడిగిన ప్రశ్నకి జవాబు చెప్పడానికి మేష్టారు కూడా నీళ్ళు నమిలారట. అణాకి సరిగ్గా ఆరుంపావు నయాపైసలు రావాలి. పావు నయాపైస నాణెం లేదు. కాబట్టి సర్కారు పట్టికలో అణాకి 6, రెండణాలకి 12, మూడణాలకి 19 అని వేశారు. అంటే, అణా చొప్పున మూడుసార్లు కొంటే 18, మూడణాల సరుకు ఒక్కసారే కొంటే 19! "సరుకు అదే, ఆ ఒక్కటీ ఎవరికి పోయిందిరా?" అనేది అమ్మమ్మ. అది అలవాటు లేక గొణిగిన గొణుగుడు కాదు. అచ్చమైన లెక్క.

1964 జూన్‌లో "నయా" అన్న మాట తీసేసి ఒట్టి పైసలన్నారు. నాలుగేళ్ళు, అయిదేళ్ళు గడిచేసరికి పావలా పాతికపైసలైంది, జనం మర్చిపోయారు. అణాలు పోయినా మనం పదహారణాల తెలుగు ఆడపడుచులమనే చెప్పుకుంటున్నాం, అది వేరే సంగతి. నేను చెప్పేదేమిటంటే, అదే గొంతులో రెండు ఫిర్యాదులు కలిసి ఉంటాయి. ఒకటి చేతికి అలవాటు తప్పిందన్నది. అది కాలం మీద మానుతుంది. రెండోది, నాదేదో పోయిందన్నది. బయటినించి వినేవాడికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. అందుకే సర్దినవాళ్ళు రెంటినీ కలిపి "అలవాటవుతుందిలే" అనేస్తారు.

ఆ 2006 గొడవలోనూ ఈ రెండూ ఉన్నాయి. పేజీ వికారంగా ఉంది, ఏది ఎక్కడుందో తెలియట్లేదు అన్నవాళ్ళు వారం తిరక్కుండా సర్దుకున్నారు. కానీ ఇంకో మాట అన్న ఆడపిల్లలున్నారు. తన ప్రేమ చెడిందని తన పేజీలో ఒక ముక్క మార్చుకున్న పిల్ల, మర్నాడు కాలేజీకి వెళ్తే, ఎన్నడూ పలకరించని వాళ్ళు కూడా వచ్చి ఓదారిస్తే దాని ప్రాణం ఎలా ఉంటుందండీ? కంపెనీ వాళ్ళు న్యాయంగానే వాదించారు: కొత్తగా మేమేం బయటపెట్టలేదు, ముందూ ఆ పేజీకి వెళ్ళినవాళ్ళకి కనిపించేదేగా అన్నారు. మాట నిజమే. మన వీధిలో ఒక పిల్లకి సంబంధం తప్పిపోయిందనుకోండి. ఆ ఇంటికి వెళ్ళినవాళ్ళకి తెలుస్తుంది, నలుగురూ మెల్లిగా అనుకుంటారు. అదే సంగతి వీధి చివర డప్పు కొట్టి చాటింపు వేస్తే? కొత్త విషయం ఒక్కటీ చెప్పలేదు. అయినా ఆ తల్లిదండ్రులకి జరిగిన అవమానం కొత్తదే. చివరికి కంపెనీ వాళ్ళు దిద్దింది కూడా ఆ ఒక్క సంగతినే. దిద్దారంటే, జనానికేం కావాలో జనానికి తెలిసినట్టే కదా?

"సరే, మరి డిగ్ కథ విను" అంది మా అమ్మాయి. ఓడిపోతున్నప్పుడు కొత్త కథ ఎత్తుకోవడం వాళ్ళ నాన్న పోలిక.

డిగ్ అన్నది కూడా 2004లోనే పుట్టింది. కెవిన్ రోజ్ అనే అతనూ, అతని మిత్రులూ పెట్టారు. సంపాదకుడంటూ ఎవరూ లేని పత్రిక అనుకోండి. పాఠకులే ఎక్కడో చదివిన మంచి సంగతి తెచ్చి పెడతారు. తక్కిన పాఠకులు బాగుందనుకుంటే ఓటేస్తారు. బాగాలేదనుకుంటే "పాతిపెట్టు" అని ఇంకో మీట నొక్కుతారు. ఓట్లెక్కువ వచ్చింది మొదటి పేజీకి ఎక్కుతుంది. ఎక్కడో మారుమూల ఊళ్ళో కూచున్న కుర్రాడు తెచ్చిన ముక్క కూడా మొదటి పేజీకి ఎక్కొచ్చు. అదే దాని ఆకర్షణ. 2008లో గూగుల్ దాన్ని 20 కోట్ల డాలర్లకి కొనబోతోందని పత్రికలు రాశాయి. ఆ బేరం కుదరలేదు.

వీళ్ళ సభ్యులు ఎంత గట్టివాళ్ళో 2007 మేలోనే తెలిసింది. సినిమా డిస్కుల తాళం తీసే రహస్య సంఖ్య ఒకటి ఎవరో అందులో పెట్టారు. లాయరు నోటీసుకి భయపడి కంపెనీ దాన్ని చెరిపేసింది. చెరిపేకొద్దీ జనం మళ్ళీ మళ్ళీ పెట్టారు, మొదటి పేజీ అంతా అదే సంఖ్యతో నింపేశారు. ఆ రాత్రికే కెవిన్ రోజ్ దిగొచ్చి, మూతపడితే పడనీ, మీ పక్షానే నిలబడతానన్నాడు. జనం జేజేలు కొట్టారు.

అలాంటి మనిషే మూడేళ్ళ తర్వాత, 2010 ఆగస్టు 25న, ఇల్లంతా మార్చి సర్దాడు. రంగులు మార్చడం అటుంచండి. "పాతిపెట్టు" మీట ఎత్తేశారు. పెద్ద పెద్ద పత్రికలూ సంస్థలూ తమ వార్తల్ని తామే, మనిషి చెయ్యి పడకుండా, టోకున లోపలికి పంపించుకునే ఏర్పాటు చేశారు. మారుమూల కుర్రాడు తెచ్చిన ముక్కకి ఇంక మొదటి పేజీలో చోటేదీ? పైగా కొత్త ఏర్పాటు మాటిమాటికీ మొరాయించేది. వచ్చి తలుపు తడితే తలుపే తెరుచుకునేది కాదు.

ఈసారి జనం తిట్టి ఊరుకోలేదు. పోటీగా రెడిట్ అని ఇంకో చోటు ఉంది. 2005లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో ఒకే గదిలో ఉండి చదువుకున్న స్టీవ్ హఫ్‌మన్, అలెక్సిస్ ఒహానియన్ అనే ఇద్దరు పెట్టింది. అందంలో డిగ్ ముందు బలాదూరు. డిగ్ సభ్యులు ఏం చేశారనుకున్నారు? డిగ్ మొదటి పేజీ నిండా రెడిట్ వార్తలే పెట్టి, వాటికే ఓట్లేసుకున్నారు! ఒక హోటల్లో కూచుని, ఎదుటి హోటలు ఇడ్లీ తెప్పించుకుని తిన్నట్టు. ఆగస్టు 30ని వీడ్కోలు రోజుగా ప్రకటించుకుని, మూటాముల్లే సర్దుకుని వెళ్ళిపోయారు.

కంపెనీ కంగారుపడి ఆ "పాతిపెట్టు" మీట తిరిగి తెచ్చిపెట్టింది. వెళ్ళినవాళ్ళు తిరిగి చూడలేదు. అక్టోబరులో 67 మంది ఉద్యోగుల్ని 42కి కుదించారు. 2012 జూలైలో ఆ పేరూ, ఆ చోటూ కలిపి 5 లక్షల డాలర్లకి అమ్ముడుపోయాయని పత్రికలు రాశాయి. 20 కోట్లెక్కడ, 5 లక్షలెక్కడ! అప్పటికే ఫేస్‌బుక్కూ ట్విట్టరూ వచ్చి డిగ్ దగ్గర జనం పలచబడుతున్న మాట వాస్తవమే. పాపమంతా ఆ ఒక్క సర్దుడుకే కట్టబెట్టను. కానీ చుట్టాలు తగ్గుతున్నారని, ఉన్న చుట్టాల పీటలు లాగేస్తే ఎవరుంటారు చెప్పండి?

ఆ వలస వచ్చినవాళ్ళని చూసి నేర్చుకున్నారో ఏమో గానీ, 2018లో రెడిట్ వాళ్ళు తమ ఇంటికి కొత్త రూపం ఇచ్చినప్పుడు, పాత రూపమే కావాలన్నవాళ్ళకి వేరే వాకిలి ఒకటి తెరిచి ఉంచారు. గొణుగుళ్ళు అప్పుడూ వినిపించాయి, ఆ వాకిట్లోంచి పోయేవాళ్ళు పోయారు, ఇల్లు మాత్రం ఖాళీ కాలేదు. ఇంకో వింత, 2025 మార్చిలో కెవిన్ రోజ్ తన పాత డిగ్‌ని మళ్ళీ కొనుక్కుంటున్నట్టు ప్రకటించాడు. అందులో భాగస్వామి ఎవరంటే, ఆ రెడిట్ పెట్టిన ఇద్దర్లో ఒకడైన ఒహానియనే! మనవాళ్ళ ఆస్తి తగాదాలు కూడా ఇలా ముగిస్తే ఎంత బాగుండును.

ఇవన్నీ చదివాక నాకు ఒకటి పట్టుకుంది. ఆ చోట్లు ఎవరివి? కాగితం మీద కంపెనీలవే. కానీ డిగ్‌లో వార్తలు తెచ్చిందెవరు, ఏరిందెవరు, జల్లెడ పట్టిందెవరు? జీతం బత్తెం లేని ఆ జనమే. వాళ్ళ చాకిరీ తీసేస్తే అక్కడ ఖాళీ అలమర తప్ప ఏమీ లేదు. నా వంటింటి గోడలు మావారి పేరున ఉన్నాయి. ఆ మాటకొస్తే పోపుల పెట్టె కొన్నది కూడా ఆయనే. అయినా ఆ పెట్టె ఎక్కడుండాలో ఆయన్నడిగితే, "నన్నెందుకే అడుగుతావు, వంటిల్లు నీది" అంటారు.

ఇంతకీ నా సంగతి చెప్పలేదు కదూ. మా అమ్మాయి అన్నట్టే, పదిరోజులు తిరిగేసరికి నా చెయ్యి కొత్త సీసాలకి అలవాటు పడింది. కూర్చుని చూస్తే దాని సర్దుడులో తెలివి కూడా ఉంది. నా భుజం నెప్పి గుర్తుపెట్టుకుని బరువైన బాణళ్ళన్నీ కింది అరలోకి దించింది. ఆ బుద్ధి నాకు ఇన్నేళ్ళుగా పుట్టనే లేదు.

కానీ పాత డబ్బాల్లో ఒకటి, మూతకి సొట్టపడిన కాఫీపొడి డబ్బా, అది పారేసిన వాటిల్లో పోయింది. అందులో కాఫీపొడి లేదు. పప్పు ఉడికేలోపు, పాలు పొంగేలోపు తోచిన మాటలు పాలప్యాకెట్ల బిల్లుల వెనకా, కేలండరు చింపుల మీదా రాసి అందులో పడేసేదాన్ని. నా నవలల్లో సగం మాటలు ఆ డబ్బాలోంచి వచ్చినవే. ఈసారి రాయబోయే నవలకి రెండేళ్ళ చీటీలు ఉన్నాయందులో. "చిత్తుకాగితాలనుకున్నానమ్మా" అంది, అప్పుడు మాత్రం నవ్వకుండా. తప్పు దానిది కాదు, వాటిమీద చీటీ అంటించి ఉంచలేదుగా నేను.

ఆ సాయంత్రమే బజారుకి వెళ్ళి ఒక చిన్న పుస్తకం, పెన్సిలు తెచ్చింది. పెన్సిలుకి దారం కట్టి, పాత డబ్బా ఉండే చోటే మేకుకి తగిలించింది. "ఇది ఎక్కడుండాలో నువ్వే చెప్పమ్మా, మళ్ళీ మారుస్తాను" అంది. అక్కడే ఉండనిమ్మన్నాను. హాస్టలుకి వెళ్ళేముందు రోజు అది పుస్తకం తెరిచి చూసుకుని, ఏమీ అనకుండా మూసేసింది. మొదటి పేజీలో పాలవాడి లెక్కా, అరకిలో చింతపండూ తప్ప ఇంకేం లేవు మరి.